చెట్లు లెక్కపెట్టారు, నీళ్ళ సంగతేమిటి?

ఓపెన్‌కాస్ట్ గనుల మీద మన సాహిత్యం తక్కువేమీ రాలేదు. ఊరు పోయిన దుఃఖం, బొందలగడ్డగా మారిన నేల, పేలుళ్ళు, దుమ్ము - కవులూ కథకులూ రాశారు, మనం వాటి మీద సదస్సుల్లో పత్రాలు చదివాం. కానీ ఆ రచనలు దాదాపు అన్నీ తవ్వకం దగ్గరే ఆగిపోతాయి. తవ్వకం అయిపోయాక? గొయ్యి కొంత పూడ్చి, మట్టిగుట్టల మీద మొక్కలు నాటి, 'పునరుద్ధరణ జరిగింది' అని రాసుకున్నాక, ఆ చుట్టుపక్కల బావుల్లో, వాగుల్లో నీళ్ళెలా ఉన్నాయో ఎవరు చూస్తున్నారు? ఈ మాట అడిగితే, "అది ఇంజనీర్ల పని. సాహిత్యంలో పిహెచ్.డి. చేసినదానివి, నీకెందుకు?" అంటారు మిత్రులు. ఎందుకో చెప్తాను.

గని నడిచినన్నాళ్ళూ అందులోకి ఊరే నీళ్ళను మోటార్లతో తోడేస్తారు. చుట్టూ భూగర్భ జలమట్టం దిగిపోతుంది. మోటార్లు ఆపాక నీళ్ళు మళ్ళీ పైకి రావడానికి ఏళ్ళు పడుతుంది, ఒక్కోచోట దశాబ్దాలు. వచ్చినా పాత దారిన రావు. పొరలు పొరలుగా ఉన్న నేల స్థానంలో ఇప్పుడు కలగాపులగంగా పోసిన మట్టీ రాళ్ళూ ఉన్నాయి. ఆ రాళ్ళలో పైరైట్ ఉంటే గాలీ నీరూ తగిలి గంధకామ్లం, ఇనుము నీళ్ళలో కలుస్తాయి. మేఘాలయలో బొగ్గు తవ్విన చోట వాగులు ఆమ్లమయింది ఇలాగే. సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ కనుక మన గోదావరి లోయలో ఆ ప్రమాదం తక్కువ. అయినా కాఠిన్యం, సల్ఫేట్లు, కరిగిన లవణాలు పెరిగే అవకాశం ఇక్కడా ఉంటుంది.

మరి కొలుస్తున్నారు కదా అంటారా? ఓపెన్‌కాస్ట్ గనుల పర్యావరణ అనుమతుల్లో మామూలుగా కనిపించే షరతు ఒకటుంది: బావుల్లో నీటిమట్టం ఏడాదికి నాలుగుసార్లు - మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో - కొలవాలి. నాణ్యత మాత్రం మే నెలలో ఒకసారి పరీక్షించాలి. మేలో ఎండ తప్ప వాన ఉండదు. తొలి వానలకు గుట్టల్లోంచి లవణాలను కడుక్కుని వచ్చే నీటి కథ ఆ ఒక్క సీసాలో ఎక్కడుంది? పైగా నాణ్యతనూ ప్రవాహాన్నీ కలిపి చూడకపోతే అంకె అబద్ధం చెప్పకుండానే మోసం చేస్తుంది. వాగు నిండుగా పారేటప్పుడు లీటరులో లవణం తక్కువే కనిపిస్తుంది. రోజుకెన్ని లీటర్లు పారిందో తెలిస్తేనే పొలంలోకి ఎంత చేరిందో తెలుస్తుంది.

ఈ నివేదికలు రాసేదెవరు? 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాల్సింది గని నడిపేవారే. కథకుడూ, కథానాయకుడూ, సమీక్షకుడూ ఒకరే అయిన రచనను మనం ఎలా చదువుతాం? అనుమానంగా చదువుతాం. ఆ పని మనకు వచ్చు. 'నమూనా సేకరించబడినది' అనే వాక్యంలో కర్త ఎక్కడికి పోయాడని అడగడం మన వృత్తే. ఆ నమూనా ఏ బావిది? ఊరి నడుమ బావిదా, దళితవాడ చివరి బోరింగుదా? ఆ బావిని ఎంచినప్పుడు ఎవరిని అడిగారు?

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) కరిగిన లవణాలకు లీటరుకు 500 మిల్లీగ్రాముల హద్దు పెట్టి, వేరే నీటి ఆధారం లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. 'వేరే ఆధారం లేకపోతే' - ఎంత అమాయకంగా ఉందో ఆ మాట! ఆ ఆధారం ఎలా పోయిందో చెప్పాల్సిన బాధ్యత దానికి లేదు.

స్త్రీలు ప్రకృతికి సహజంగానే దగ్గరివాళ్ళనే వాదం నాది కాదు. ఆ పొగడ్త మన నెత్తిన బిందె పెట్టడానికే పనికొచ్చింది. నేను చెప్పేది శ్రమ గురించి. రోజూ నీళ్ళు మోసి, వండి, ఉతికే మనిషికి పప్పు ఉడకనప్పుడు, సబ్బు నురగ రానప్పుడు, తెల్లబట్టకు తుప్పు మరక పట్టినప్పుడు నీళ్ళు మారాయని ముందు తెలుస్తుంది. అది రోజువారీ పరిశీలన. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ నాలుకకు తెలియవు, వాటికి ప్రయోగశాల కావాలి. రెండూ ఒకే రిజిస్టరులో పక్కపక్కన ఉండాలని అడుగుతున్నాను.

"నల్లా వచ్చింది కదా, ఇంకా బావెందుకు?" అనేవాళ్ళున్నారు. గొడ్లు నల్లా దగ్గర తాగవు. మిరపతోట నల్లాతో పండదు. నల్లా రావడం వల్ల బావి చెడిన నేరం మాఫీ కాదు.

ఇదంతా అయ్యే పని కాదంటే, అమెరికా 1977లోనే ఉపరితల గనులకు చట్టం చేసింది. తవ్వకముందే నీటి లెక్కలు తీయాలి. మొక్కలు నాటాక తడి ప్రాంతాల్లో కనీసం ఐదేళ్ళు, పొడి ప్రాంతాల్లో పదేళ్ళు బాధ్యత కంపెనీదే, అప్పటిదాకా పూచీ సొమ్ము పూర్తిగా వెనక్కి రాదు. అంత చట్టం ఉన్నా చాలలేదు. వెస్ట్ వర్జీనియాలో గనికార్మికుడి కూతురు జూడీ బాండ్స్‌ను పోరాటంలోకి తెచ్చింది ఏ నివేదికా కాదు, వాగులో చచ్చిన చేపలు చేతబట్టుకు నిలబడిన మనవడు. ఆమెకు 2003లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది.

మన కేంద్ర బొగ్గు శాఖ కూడా గని మూసివేతకు 2009లో మార్గదర్శకాలు తెచ్చి, అందుకు ఎస్క్రో ఖాతాలో డబ్బు వేయమంది. కోల్ ఇండియా గనుల్లో పచ్చదనాన్ని ఉపగ్రహాలతో లెక్కగడుతున్నారు. ఉపగ్రహానికి ఆకు కనిపిస్తుంది, బావి అడుగు కనిపించదు. అందుకే అడుగుదాం: ప్రతి వాడలోనూ ఒక బావి జాబితాలో ఉండాలి. తొలి వానల్లోనూ నీళ్ళు పరీక్షించాలి, ఆ రోజు ప్రవాహం ఎంతో పక్కనే రాయాలి. ఆ లెక్క తెలుగులో గ్రామసభలో చదవాలి. నీళ్ళు మోసే ఆడవాళ్ళ సంతకం లేకుండా ఏ గనికీ 'మూసివేత పూర్తయింది' అనే కాగితం ఇవ్వకూడదు, ఆ ఖాతాలోంచి చివరి రూపాయి కదలకూడదు.