ఇంట్లో బండి చార్జింగ్: ప్లగ్గు చాలా, గోడకు బిగించే చార్జర్ కావాలా?

పాల క్యాన్లు మోసే స్కూటర్ నుంచి కూరగాయలు మార్కెట్‌కు చేర్చే ఆటో వరకు కరెంటు బండ్లు మన ఊళ్లలోకి వస్తున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో జీవో 41 ద్వారా కొత్త ఈవీ విధానం తెచ్చింది. ఆ నెల 18 నుంచి కరెంటు బండ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. ఈ మినహాయింపు గడువు 2026 డిసెంబర్ 31. స్కూటర్లు, కార్లు, ఆటోలే కాదు, కరెంటు ట్రాక్టర్లూ ఇందులో ఉన్నాయి.

బండి ధర, రాయితీ సంగతి షోరూంలో బాగానే చెబుతారు. ఇంట్లో చార్జింగ్ ఎలా పెట్టుకోవాలన్నది మాత్రం రైతే తేల్చుకోవాలి. ఉన్న ప్లగ్గులో పెట్టుకుంటే సరిపోతుందా, గోడకు చార్జర్ బిగించుకోవాలా? మెదక్ చుట్టుపక్కల పల్లెల్లోని ఇళ్లు, కరెంటు, బిల్లులను దృష్టిలో పెట్టుకుని చూద్దాం.

రెండింటికీ తేడా ఏమిటి?

ప్లగ్గు చార్జర్ బండితోపాటే వస్తుంది. స్కూటర్‌దైతే సాధారణంగా ఒక కిలోవాట్ లోపే ఉంటుంది. సరుకు ఆటోలు, చిన్న కార్లకు గీజర్ పెట్టే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి. కారు కేబుల్ ఆ ప్లగ్గు నుంచి దాదాపు 3.3 కిలోవాట్లు లాగుతుంది.

రెండో రకం వాల్ బాక్స్. దీనికి ప్లగ్గు ఉండదు. మీటరు దగ్గర నుంచి విడిగా వైరు లాగి చార్జర్‌కు నేరుగా కలుపుతారు. కార్లకు ఇచ్చేవి ఎక్కువగా 7.2 కిలోవాట్లవి. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న కారు పవర్ ప్లగ్గు మీద నిండడానికి ఎనిమిది, తొమ్మిది గంటలు పడితే, వాల్ బాక్స్ మీద నాలుగు గంటల లోపే నిండుతుంది. కారులోని చార్జింగ్ యంత్రం కూడా అంత కరెంటు తీసుకోగలిగినదై ఉండాలి. లేకపోతే పెద్ద వాల్ బాక్స్ పెట్టినా సమయం తగ్గదు.

మోటారు లెక్కలో చెప్పుకుంటే ఇంకా తేలిక. 5 హెచ్‌పీ మోటారు అంటే 3.7 కిలోవాట్లు. అంటే పవర్ ప్లగ్గులో కారు పెట్టడం, ఇంటి గోడలోని సాకెట్ మీద దాదాపు 5 హెచ్‌పీ మోటారును రాత్రంతా నడిపినట్టే. 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ ఇంచుమించు 10 హెచ్‌పీ మోటారు. బోరు మోటారుకు వైరు, స్టార్టర్, ఎర్త్ ఎంత జాగ్రత్తగా చూసుకుంటామో దీనికీ అంతే జాగ్రత్త కావాలి.

ప్లగ్గు ఎక్కడ దెబ్బతింటుంది?

గీజర్ పావుగంట నడిచి ఆగిపోతుంది. చార్జర్ 14 ఆంపియర్లకు పైగా కరెంటును ఏడెనిమిది గంటలు ఆపకుండా లాగుతుంది. సాకెట్ లోపలి స్ప్రింగు వదులైనా, స్క్రూ బిగుతు తగ్గినా అక్కడ వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అందుకే టీవీకి ఏళ్ల తరబడి పనిచేసిన బోర్డు చార్జర్ పెట్టిన కొద్ది రోజులకే నల్లబడవచ్చు. రోజూ పీకడం, పెట్టడం వల్ల సాకెట్ ఇంకా వదులవుతుంది.

వాల్ బాక్స్‌లో ఈ బలహీనత లేదు. అయితే దానికి వేరే ఇబ్బందులున్నాయి. బిగించాలంటే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ కావాలి. చాలా పల్లె ఇళ్ల మంజూరు లోడు ఒకటి, రెండు కిలోవాట్లే కాబట్టి డబ్బు కట్టి లోడు పెంచుకోవాలి. అద్దె ఇల్లయితే ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకుపోవడం మరో ఖర్చు. సాయంత్రం అందరూ లైట్లు, మోటార్లు వేసే వేళకు వోల్టేజీ పడిపోయే ఊళ్లో పెద్ద చార్జర్ వల్ల ఆశించినంత లాభం రాదు.

200 యూనిట్ల గీత మరవకండి

తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. ఆ శ్లాబులో మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5.10 రూపాయలు, తర్వాతి 100కు 7.70, ఆపై 100కు 9 రూపాయలు. 200 దగ్గర ఆగిన ఇంటికి సున్నా. 210 దగ్గర ఆగిన ఇంటికి ఇంధన చార్జీలే 1,097 రూపాయలు. పది యూనిట్ల తేడాకు వెయ్యికి పైగా భారం.

ఇంట్లో నెలకు 120 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే స్కూటర్‌కు చార్జింగ్‌లో పోయేది కలిపి ఒకటిన్నర యూనిట్లు వేసుకోండి. నెలకు 40, 45 యూనిట్లు. మొత్తం 165 దాటదు, జీరో బిల్లు నిలుస్తుంది. ఎండాకాలం కూలర్లు వేసే నెలల్లో మాత్రం మీటరు మీద కన్నేసి ఉంచండి.

సరుకు ఆటో లెక్క వేరు. 7.4 యూనిట్ల బ్యాటరీని నెలలో 25 రోజులు నింపితే 200 యూనిట్లు దానికే అవుతాయి. ఇంటితో కలిపి 320 అనుకుంటే ఇంధన చార్జీలు 1,970 రూపాయలు. అదే దూరానికి డీజిల్ ఆటో 60 లీటర్లు తాగితే, లీటరు 95 రూపాయల చొప్పున 5,700. ఆటో లాభమే. కాకపోతే జీరో బిల్లు పోతుందన్నది ముందే లెక్కలో వేసుకుని కొనండి. ఈవీ చార్జింగ్‌కు టారిఫ్‌లో విడిగా ఒక కేటగిరీ ఉంది. దాని కింద మీకు వేరే మీటరు కుదురుతుందా అని ఆటో కొనకముందే సెక్షన్ ఆఫీసులో ఏఈని అడగండి.

బోరు కరెంటు మీద పెట్టకండి

స్టార్టర్ డబ్బా నుంచి ఒక తీగ లాగి బండి పెట్టుకుంటే ఉచితమే కదా అని కొందరు అడుగుతున్నారు. వ్యవసాయ కనెక్షన్‌కు 2018 జనవరి 1 నుంచి వస్తున్న 24 గంటల ఉచిత కరెంటు మోటారు కోసం ఇచ్చింది. దాన్ని వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, వర్తించే టారిఫ్‌కు రెండింతల చొప్పున వసూలు చేస్తారు. ప్రమాదం కూడా ఉంది. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులకు పైగా ఉంటుంది. తీగ తప్పుగా కలిపితే చార్జర్ అక్కడికక్కడే కాలిపోతుంది, మనిషికీ ముప్పే. ఇంటి గృహ కనెక్షన్ మీద సొంత బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే చెప్పింది. కాబట్టి దొంగచాటు అవసరమే లేదు.

ఏది పెట్టినా ఇవి తప్పనిసరి

• మీటరు దగ్గర నుంచి విడి లైను లాగించండి. 3.3 కిలోవాట్లకు కనీసం 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, దూరం ఎక్కువైతే 4. వాల్ బాక్స్‌కు 6 లేదా అంతకు మించి. ఆ లైనుకు సొంత ఎంసీబీ ఉండాలి.

• 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. లీకేజీ వస్తే క్షణంలో కరెంటు ఆపేది ఇదే. ఎంసీబీ ఆ పని చేయదు. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

• ఎర్త్ పరీక్ష చేయించండి. మన చెలక నేలలు, రాతి నేలల్లో వేసవి వస్తే ఎర్త్ గుంత ఎండిపోతుంది. గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయండి.

• ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చార్జింగ్ భద్రతా నిబంధనలు కూడా వాటిని ఒప్పుకోవు. సాకెట్ నేల నుంచి కనీసం 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి.

• పశువుల కొట్టం, గడ్డివాము, ఎరువుల బస్తాలు, పురుగుమందులకు దూరంగా పెట్టండి. కొట్టంలో నేల తడిగా ఉంటుంది, చిన్న లీకేజీ కూడా పశువు ప్రాణం తీస్తుంది.

• ఉరుములు, మెరుపుల వేళ ముందుగా స్విచ్ ఆపి, ఆపై ప్లగ్గు తీసేయండి.

బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకునేవారికి మరో మాట. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో రాత్రి ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయారు. అదే నెల విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణం పోయింది. ఆ ఏడాది ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. 2022 డిసెంబర్ నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకి వచ్చాయి. పాత బండి చవకగా వస్తోందని తీసుకునేవారు తయారీ తేదీ చూడండి. ఏ బ్యాటరీనైనా పడుకునే గదిలోనూ, బయటకు వెళ్లే తలుపు దగ్గరా చార్జింగ్ పెట్టకండి.

మరి ఏది తీసుకోవాలి?

స్కూటర్ ఒక్కటే ఉంటే ప్లగ్గు చాలు. వాల్ బాక్స్‌కు పెట్టే డబ్బు ఎర్త్‌కు, ఆర్‌సీసీబీకి పెట్టండి. సరుకు ఆటో, లేదా రోజుకు 50, 60 కిలోమీటర్లు తిరిగే చిన్న కారు అయితే విడి లైను మీద మంచి రకం 16 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. బండి ఎలాగూ రాత్రంతా ఇంటి దగ్గరే ఉంటుంది. మొదటి వారం అరగంట చార్జింగ్ తర్వాత ప్లగ్గును చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి సాకెట్ మార్పించండి. సొంత ఇల్లు, పెద్ద కారు, రోజూ హైదరాబాద్ రాకపోకలు ఉన్నవారికి వాల్ బాక్స్ పనికొస్తుంది. వారు ముందు లోడు పెంచుకుని, తర్వాతే చార్జర్ తెచ్చుకోవాలి.

బండికి అడ్వాన్సు ఇచ్చే ముందు మూడు పనులు చేయండి. గత వేసవి కరెంటు బిల్లులు తీసి యూనిట్లు చూడండి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్, వైరింగ్ పరీక్ష చేయించండి. బిల్లు మీద మీ మంజూరు లోడు ఎంతో చూసుకోండి. ఈ మూడూ తెలిస్తే ఏ చార్జర్ కావాలో మీకే అర్థమవుతుంది.