ఎలుగు ఉందని కొండకి వెళ్ళడం మానేస్తామా?



వేసవి సెలవులు దగ్గరకొచ్చాయి. ఇంటికెళ్ళే ముందు పెద్దవాళ్ళందరూ ఒకటే మాట చెప్తున్నారు. "ఎలుగులు తిరుగుతున్నాయి, కొండకి వెళ్ళకండి" అని. మాట మంచిదే గానీ జరిగే పని కాదని నా అభిప్రాయం. జీడిపిక్కలు ఏరకపోతే, పనసకాయలు దింపకపోతే సంతకి ఏం పట్టుకెళ్తాం? వెళ్ళక తప్పదు కాబట్టి ఎలా వెళ్ళాలో చెప్పాలి.

ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, నేరేడు, పనస, జీడిమామిడి పళ్ళు. అంటే మనం ఏ చెట్టు కిందికి వెళ్తామో అదీ అక్కడికే వస్తుంది. మనం చీకటితోనే బయలుదేరతాం, అదీ ఆ వేళకే తిరుగుతుంది. పుట్ట తవ్వి మూతి లోపల పెట్టిందంటే మన అలికిడి దానికి తెలీదు. బాగా దగ్గరకొచ్చాక చూసి, బెదిరి మీద పడుతుంది. పిల్లల్ని వీపు మీద మోసే తల్లయితే మరీ ప్రమాదం. అందుకని తెల్లారాకే వెళ్ళాలి. ముగ్గురు నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో తుప్పలు కొడుతూ నడవాలి. (స్టడీ అవర్‌లో గోల చేసేవాళ్ళకి ఇది కష్టమేం కాదు!) మనం వస్తున్నట్టు తెలిస్తే చాలాసార్లు అదే తప్పుకుంటుంది. కొత్తగా తవ్విన పుట్ట గానీ, చిన్నపిల్లల పాదంలా ఉండి ముందు గోళ్ళ గుర్తులున్న అడుగు గానీ కనిపిస్తే వెనక్కి వచ్చెయ్యాలి.

ఇద్దరు స్నేహితులు, ఎలుగుబంటి కథ అందరికీ తెలుసు. అందులో ఒకడు చెట్టెక్కి బతికాడు. నిజానికి ఎలుగు చెట్లు బాగా ఎక్కుతుంది, పరుగులోనూ మనల్ని అందుకుంటుంది. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ వెనక కప్పుకోవాలి. ఎందుకంటే అది ఎక్కువగా తల మీద, మొహం మీదే గాయం చేస్తుంది.

ఊళ్ళోకి వస్తే మాత్రం గుంపుగా వెంటపడి కొట్టడం నాకు తప్పనిపిస్తుంది. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, జీడితోటల ప్రాంతంలో, ఎలుగు దాడిలో ఒకాయన చనిపోయారు. మరునాడు ఇంకొందరు గాయపడ్డారు. మత్తుమందు ఇచ్చి దాన్ని పట్టుకున్నారు గానీ అదీ బతకలేదు. భయపడ్డ జంతువుకి పారిపోయే దారి లేకపోతే ఎదురుగా ఉన్నవాళ్ళ మీదే పడుతుంది. దారి వదిలి, ఫారెస్టు వాళ్ళకి కబురు పెట్టాలి. దెబ్బ తగిలినవాళ్ళు ఆసుపత్రి కాగితాలు దాచుకోవాలి, నష్టపరిహారానికి అవి కావాలి.

వార్డెన్ గారికి రెండు మనవులు. సెలవుల ముందు ఒకరోజు ప్రేయర్‌కి ఫారెస్టు గార్డు గారిని పిలిపించండి. ఈ విషయాలు చెప్తే మేం ఇంట్లో అమ్మానాన్నలకి చెప్తాం. రెండోది, వంటగది వెనక మిగిలిన అన్నం, పనసతొక్కలు కుప్పగా పడుతున్నాయి. ఆ వాసనకి ఎలుగు హాస్టల్ దాకా రావచ్చు. గొయ్యి తీసి రోజూ మట్టి కప్పితే చాలు. పారలు ఇప్పిస్తే ఈ ఆదివారమే మా క్లాసు వాళ్ళం తవ్వుతాం.

— 9వ తరగతి విద్యార్థిని