కాఫీగింజ దేశాటనము



తెల్లవారినది మొదలు మన యిండ్లలో పొయ్యిమీద నీళ్లు మరుగుటయు, డికాక్షను దిగుటయు నిత్యకృత్యములైనవి. అతిథి గడప ద్రొక్కినంతనే మన మడుగు మొదటి మాట “కాఫీ పుచ్చుకొందురా?” యనియే. ఇంత చనవు సంపాదించిన యీ గింజ మన నేల పుట్టినది కాదు. ఇది యెవరెవరి చేతులు దాటి మన వంటయింటికి వచ్చెనో యీ మాసమున విన్నవింపదలచితిమి.

దీని పుట్టినిల్లు ఆఫ్రికాఖండమందలి ఇథియోపియా. ఆ దేశపు నైరృతిదిక్కున, కఫా ప్రాంతపు టడవులలో ఈ చెట్టు నేటికిని తనంత తానే మొలచుచున్నది. మేకలు దీని యెర్రని పండ్లు మేసి గంతులిడగా చూచి యొక కాపరి దీని గుణమును కనిపెట్టెనను కథ ముచ్చటైనదే కాని, దానికి ప్రాచీనాధారము లేదు. 15వ శతాబ్దమున ఎర్రసముద్రమున కావలనున్న యెమెను దేశపు సూఫీభక్తులు, రాత్రి ధ్యానమున నిద్ర రాకుండుటకై దీని పానీయమును సేవించిరనుట మాత్రము చరిత్ర.

భక్తులనుండి యది బజారున కెక్కెను. నలుగురు కూడినచోట మాటలు పెరుగును గదా! పాలకులకు బెదురు పుట్టెను. 1511లో మక్కానగరాధికారి కాఫీని నిషేధింపగా, కైరోనగరపు సుల్తాను ఆ నిషేధమును సడలించెను. 1674లో లండనునగరమున, మగవారు కాఫీశాలలను పట్టుకొని యిల్లు మరచుచున్నారని స్త్రీల పేరిట నొక కరపత్రము వెలువడెను. మరుసటి యేట ఇంగ్లండు రాజగు రెండవ చార్లెసు కాఫీశాలలను మూయింప నాజ్ఞ యిచ్చి, ప్రజల యలజడి చూచి, అది యమలునకు రాకమునుపే మరలించుకొనెను.

పానీయము లోకమెల్ల తిరిగినను మొక్క మాత్రము చాలకాలము యెమెను దాటలేదు. మొలకెత్తు గింజ పరదేశమునకు పోనీయకుండ నచ్చటివారు కాపాడిరి. 17వ శతాబ్దమున బాబా బూదన్ అను ఫకీరు మక్కాయాత్రనుండి మరలుచు ఏడు గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు కొండలలో నాటెనని కన్నడదేశపు టైతిహ్యము. ఆ కొండలకు నేడును ఆతని పేరే.

డచ్చివారు 1696లో మన మలబారు తీరమునుండి మొక్కలను జావాద్వీపమునకు గొనిపోయిరి. అవి వరదపాలు కాగా 1699లో మరల తెచ్చి నాటిరి. 1706లో జావానుండి యొక మొక్క ఆమ్‌స్టర్‌డామునగరపు తోట చేరెను. ఆ నగరమువారు 1714లో ఫ్రాన్సురాజగు 14వ లూయికి నొక మొక్కను కానుక యిచ్చిరి. కొన్నియేండ్లకు డి క్లియూ అను సైనికోద్యోగి, ఓడలో నీటికి కరవు రాగా తన వంతు త్రాగునీటిని పంచి పోసి, యొక మొక్కను మార్టినీకు ద్వీపమునకు చేర్చితినని తానే వ్రాసికొనెను. 1727లో పల్హేటా అను నుద్యోగి ఫ్రెంచి గయానానుండి బ్రెజిలునకు తెచ్చెను.

మొక్కకు నీరు పోసినవాని పేరు చరిత్రలో నిలిచినది. ఆ తోటలలో పండ్లు కోసినవారి పేరులు నిలువలేదు. నేటి హైతీయైన సాన్ డొమింగు 1780 ప్రాంతమున లోకపు కాఫీలో నించుమించు సగము పండించెను. పండించినవారు ఆఫ్రికానుండి కొనితెచ్చిన బానిసలు. వారు 1791లో తిరుగబడి, 1804లో స్వతంత్రరాజ్యము నెలకొల్పుకొనిరి. బ్రెజిలులో బానిసత్వము 1888 వరకు సాగెను. 1871లో చట్టము వచ్చువరకు అచ్చట బానిసతల్లి కన్న బిడ్డ పుట్టుకతోనే యజమానుని సొత్తు. పొత్తిళ్లలోని పసికందును తనదని చెప్పుకొనలేని తల్లులు కోసిన పండ్లు గదా లోకమున కంత చవుకగా లభించినవి!

నేడు మన యరకు లోయలో గిరిజన కుటుంబములు తమ స్వంత కమతములలో, చెట్లనీడను, మిరియపుతీగెల నడుమ కాఫీని పండించుచున్నవి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక గుత్తిలోని పండ్లన్నియు నొక్కసారి పండవు. ఎర్రబడినవానిని మాత్రమే చేతితో నేరి, పచ్చివాని కొరకు మరల మరల కొండ యెక్కవలయును. ఇంచుమించు ఆరు కిలోల పండ్లు కోసిన గాని యొక కిలో గింజలు రావు. ఈ పని చేయు చేతులలో స్త్రీల చేతులే మెండు.

కావున, సోదరీమణులారా, పొడి కొనునపుడు వెల యొక్కటియే గాక, అది యెచట పండెనో, పండించినవారికి తగిన ప్రతిఫలము ముట్టుచున్నదో లేదో యడిగి తెలిసికొనుట మన విధి. బిడ్డలకు పాలు కలిపి యిచ్చుచు ఈ కథయు చెప్పుడు. చల్లారినదని గ్లాసెడు కాఫీని తూములో పారబోయుటకు ముందు ఆ కొండమీది చేతులను తలచుకొనవలయునని మా మనవి.