విజ్ఞానవిషయములు: మాంసములోని తిత్తులు

మాంసాహారము గల యిండ్లలో మాంసమును కడిగి, కోసి, వండు పని తఱచుగా స్త్రీలదే. కావున నా మాంసమునందు దాగియుండు నొక పరాన్నజీవినిగూర్చి యీ మాసము ముచ్చటింపదలచితిమి.

1843వ సంవత్సరమున స్విట్జర్లాండునందు మీషర్ అను పండితు డొక యెలుక కండలలో తెల్లని దారములవంటి వానిని గనెను. అవి దారములు గావు. సూక్ష్మజీవులతో నిండిన తిత్తులు. ఈ జీవికి సార్కోసిస్టిస్ అని పేరు. గ్రీకుభాషలో మాంసము, తిత్తి అను రెండు మాటల కలయిక యిది. గొఱ్ఱె, మేక, పంది, పశువు మొదలగు వాని కండలలో నిట్టి తిత్తు లుండును.

ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో జూచినచో తిత్తి పైపొర నునుపుగా నుండదు. దానినుండి సన్నని మొలకలు బయలుదేరి కండకణములోనికి జొచ్చియుండును. వీనివలన తిత్తి యుపరితలము విస్తరించును. పోషకపదార్థములను గ్రహించుట కివి తోడ్పడునని శాస్త్రజ్ఞులు భావింతురు. ఈ మొలకల రూపము జాతిని గుర్తించుటకు ముఖ్యమైన యాధారము. గొఱ్ఱెలకు కుక్కలవలన సోకు నొక జాతియందవి వ్రేళ్లవలె వరుసగా నిలిచియుండును. పిల్లులవలన సోకు మఱియొక జాతియందు కాలీఫ్లవరువలె గుత్తులు గట్టియుండును. ఈ రెండవది బియ్యపుగింజవలె పెరిగి కంటికే కానవచ్చును, మొదటిది కానరాదు. అయినను గొఱ్ఱెలకు జ్వరము, రక్తహీనత, గర్భస్రావము గలిగించునది యా కానరానిదే. కనబడినదే కీడనుకొనుట పొరపాటని దీనివలన దెలియుచున్నది.

ఈ జీవికి రెండు జంతువు లాశ్రయమని 1972లో జర్మనీ శాస్త్రజ్ఞులు నిరూపించిరి. పచ్చిమాంసము దిన్న కుక్క ప్రేగులలో నిది వృద్ధిపొంది, మలముతో వెలువడి, గడ్డిపై బడును. ఆ గడ్డి మేసిన గొఱ్ఱె కండలలో మరల తిత్తు లేర్పడును. పశువులయందును పందులయందును నుండు కొన్ని జాతులు మనుష్యుల ప్రేగులలోను వృద్ధిపొందును. పచ్చిగానో, సగముడికినదిగానో ఆ మాంసమును దిన్నవారికి వికారము, కడుపునొప్పి, విరేచనములు గలుగవచ్చును.

తిత్తులు కండకణములలోపల నుండుటచే నెంత కడిగినను పోవు. 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడి ముక్క నడిమివఱకు జేరి పదునైదు నిమిషములు నిలిచిన నందలి జీవులు నశించును. కనుక ముక్కను చక్కగా నుడికింపవలెను. పచ్చిముక్కలను కుక్కకును పిల్లికిని వేయరాదు. దయచే విసరిన యా ముక్కయే పొరుగువారి మందకు రోగమును జేర్చవచ్చును. మిగిలిన ముక్కల నుడికించి వేసిన, మూగజీవి కడుపు నిండును, రోగమార్గమును మూతపడును.