ఖరగ్‌పూర్‌లో ఇళ్ల బేరాలు: తేరుకున్నది బజారా, పదవీ విరమణ సొమ్మా?

కోవిడ్ అనంతరం దేశంలో గృహ నిర్మాణ రంగం కోలుకున్నదన్న మాట ముందుగా ముంబయి, హైదరాబాదు, బెంగుళూరు వంటి మహానగరాల లెక్కలతో మొదలై, ఆ పైన చిన్న పట్టణాలలోని స్థిరాస్తి ఏజెంట్ల నోటికి చేరింది. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్ ఇందుకు మినహాయింపు కాదు. అయితే మహానగరాలలో ఈ మాట నిజమో కాదో సరిచూసుకునేందుకు సూచీలు ఉన్నాయి. రిజర్వు బ్యాంకు ప్రకటించే ఇళ్ల ధరల సూచీ కొన్ని పెద్ద నగరాలకే పరిమితమైనది. రెండు లక్షలకు పైబడిన జనాభా గల ఖరగ్‌పూర్ వంటి ఊరికి అందులో చోటు లేదు. అందువల్ల అక్కడ స్థానిక ఏజెంటు మాటే సూచీగా చలామణీ అవుతున్నది. అది అబద్ధమని కాదు. అతడు ఏది చూసి ఆ మాట అంటున్నాడో విచారించడం అవసరం.

ఏజెంటు ధరల పట్టికను బట్టి బజారును అంచనా వేయడు. ఇల్లు చూపించమని వచ్చేవారెందరు, బయానా ఇచ్చినవారిలో రిజిస్ట్రేషన్ దాకా వచ్చేవారెందరు, ఈ రెంటి మధ్య ఎన్ని నెలలు పడుతున్నవి అన్నవే అతనికి ఆధారం. ఆ లెక్కన చూస్తే గడచిన పదేళ్లలో అతనికి రెండు గడ్డుకాలాలు వచ్చాయి. మొదటిది 2016 నవంబరు 8న పెద్ద నోట్ల రద్దుతో మొదలైనది. బేరంలో కొంత సొమ్ము కాగితంపైకి రాకుండా చేతులు మారే అలవాటు ఉన్న చోట్లనల్లా వ్యాపారం స్తంభించింది. రెండవది 2020 మార్చిలో రైళ్లతో సహా దేశమంతా నిలిచిపోయినప్పటిది. ఐఐటీ విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోవడంతో ప్రేమ్‌బజార్, హిజిలి వైపు అద్దె గదుల మీద ఆధారపడినవారికి కూడా ఆ దెబ్బ తగిలింది.

తరువాత ఊపు తెచ్చినది రాష్ట్ర ప్రభుత్వమే. 2021 జూలైలో స్టాంపు డ్యూటీని 2 శాతం, ప్రభుత్వం నిర్ణయించే భూమి విలువను 10 శాతం తగ్గించారు. కొద్ది నెలల కోసమని ప్రకటించిన ఈ రాయితీని మళ్లీ మళ్లీ పొడిగిస్తూ 2024 జూన్ 30 వరకు కొనసాగించారు. ముప్పయి లక్షల ఫ్లాటుపై డ్యూటీలో తగ్గినదే 60 వేల రూపాయలు. మధ్యతరగతి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. గడువు ముగియవస్తున్నదంటూ ప్రతిసారీ కొనుగోలుదారును తొందరపెట్టే అవకాశం కూడా ఏజెంటుకు దక్కింది. రాయితీ ముగిసిన మరుసటి ఏడాది వడ్డీల తగ్గింపు మొదలైంది. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. బజారు తేరుకున్నదనడానికి ఏజెంటు సాధారణంగా చూపించే కారణం ఇదే.

ఇక్కడే అతని వాదన కొంత సందేహాస్పదంగా ఉన్నది. ఖరగ్‌పూర్‌లో ఇల్లు కొనేవారెవరో తెలుసుకోవాలంటే ఆ ఊరి పుట్టుకను గుర్తు చేసుకోవాలి.

ఖరగ్‌పూర్ నడిబొడ్డు రైల్వేది. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్-నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షను నిర్మించి, ఆ తరువాత వర్క్‌షాపు నెలకొల్పింది. దాని చుట్టూ వేలాది క్వార్టర్లు వెలిశాయి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపడిన 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారాన్నే బయటివారు చెప్పుకుంటారు గాని, ఊరి ఆర్థిక జీవితాన్ని నిర్ణయించినది ఆ క్వార్టర్లే. వాల్తేరు వరకు గల తూర్పు కోస్తా రైలు మార్గం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెల నుంచి తెలుగువారు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగుమన్లుగా ఇక్కడికి తరలి వచ్చారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా, 2003లో తూర్పు కోస్తా రైల్వే వేరుపడేంతవరకు ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు ఒకే జోనులో ఉండేవి. మథురాకాటి, నింపురా ప్రాంతాలలో తెలుగు వినిపించడానికి మూలం ఇదే.

తాత, తండ్రి, కొడుకు వరుసగా క్వార్టర్లలోనే బతికిన కుటుంబాలు ఈ ఊరిలో ఉన్నాయి. ఉద్యోగం ఉన్నంతకాలం ఇంటి చింత లేదు. అద్దె స్వల్పం, నీళ్లు, కరెంటు, ఆసుపత్రి అన్నీ రైల్వేవే. సొంత ఇల్లు కట్టుకోవాలన్న ఆత్రుత పుట్టనివ్వని ఈ భద్రతే, అరవయ్యో ఏట ఒక్కసారిగా మీద పడుతుంది. పదవీ విరమణ చేసిన ఉద్యోగి సాధారణ అద్దెపై నాలుగు నెలలు, అనారోగ్యమో పిల్లల చదువో కారణంగా చూపితే రెట్టింపు అద్దెపై మరో నాలుగు నెలలు క్వార్టర్‌లో ఉండవచ్చు. ఖాళీ చేయకపోతే జరిమానా అద్దె వసూలు చేస్తారు. గ్రాట్యుటీలోంచి సొమ్ము నిలిపి ఉంచే అధికారం కూడా రైల్వేకు ఉన్నది. స్వగ్రామంలో తాతల నాటి ఇల్లు ఉన్నా, అది ఎప్పుడో అన్నదమ్ముల పిల్లల పాలై ఉంటుంది. విశాఖలో కొనాలంటే ధరలు అందవు. ఆ ఎనిమిది నెలల లోపున ఇందాలోనో, మాలంచలోనో, ఖరిదాలోనో, ఝాపేటాపూర్‌లోనో ఒక కప్పు వెదుక్కోవాలి.

రైల్వే ఉద్యోగులు నెలాఖరు రోజునే పదవీ విరమణ చేస్తారు. ఖరగ్‌పూర్ ఏజెంటు పంచాంగం కూడా దానిని బట్టే నడుస్తుంది. ఎవరు ఎప్పుడు రిటైరవుతున్నారో అతనికి తెలిసినంతగా పొరుగింటివారికి తెలియదు.

ఆ ఉద్యోగి చేతిలో ఎంత ఉంటుంది? చివరి మూల వేతనం 50 వేల రూపాయలనుకుందాం. 2025 జూలై నుంచి అమలైన 58 శాతం కరువు భత్యం కలిపితే 79 వేలు. ముప్పయి మూడేళ్ల సర్వీసుకు పదహారున్నర నెలల లెక్కన గ్రాట్యుటీ 13 లక్షల పైచిలుకు. 2024 జనవరి నుంచి గ్రాట్యుటీ పరిమితిని 25 లక్షలకు పెంచినా, ఆ గరిష్ఠ మొత్తం అందుకునేది పై అధికారులు. ప్రావిడెంట్ ఫండు, సెలవుల నగదు, కొంత పింఛను అమ్ముకుంటే వచ్చేది కలుపుకుంటే చిన్న ఫ్లాటుకు సరిపోవచ్చు. అమ్మాయి పెళ్లి బాకీ ఉంటే సరిపోకపోవచ్చు.

మరి వడ్డీ తగ్గింపు ఇతనికి ఏ మేరకు అక్కరకు వచ్చింది? ఇరవై లక్షల అప్పు, పదిహేనేళ్ల గడువుపై వడ్డీ 9 నుంచి 8 శాతానికి తగ్గితే నెలసరి వాయిదా 20,285 నుంచి 19,113 రూపాయలకు తగ్గుతుంది. కాని అరవై నిండిన వ్యక్తికి పదిహేనేళ్ల గడువు ఇచ్చే బ్యాంకు ఏది? ఆ ప్రయోజనం పొందాలంటే హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో అప్పులో భాగస్వామి కావాలి. సర్వీసులో ఉన్న ఉద్యోగి కేంద్ర ప్రభుత్వ గృహ నిర్మాణ అడ్వాన్సు తీసుకోవచ్చు. 2017 నిబంధనల ప్రకారం దాని పరిమితి 25 లక్షలు. కాని సొంత ఇంటి ఆలోచనే చివరి ఏడాదిలో వచ్చినవారికి అది కూడా అందదు. కనుక తేరుకున్నదని ఏజెంటు చెబుతున్న బజారులో గణనీయమైన భాగం, ముప్పయ్యేళ్ల చాకిరీ ఒక్కసారిగా నగదై వచ్చిన సొమ్ము. అది జీవితంలో రెండోసారి రాదు. మహానగరంలో పెట్టుబడి కోసం మూడో ఫ్లాటు కొనేవాడు నష్టపోతే మరో చోట పూడ్చుకుంటాడు. ఇక్కడ కొన్న ఇంటి కాగితం తేడా వస్తే వీధిన పడేది ఒక కుటుంబం.

అందుచేత ఖరగ్‌పూర్‌లో ధర కంటె కాగితమే ముఖ్యమైన ప్రశ్న. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబానికి కొలతతో ఇబ్బంది లేదు. అక్కడి డెసిమల్ మన సెంటే, ఎకరంలో నూరో వంతు. కాఠా అంటే 720 చదరపు అడుగులు, అనగా 80 గజాలు. చిక్కంతా రికార్డులోనే ఉన్నది. ఖతియాన్‌లో ఎవరి పేరు ఉన్నది, దాగ్ నంబరు దస్తావేజులోని దానితో సరిపోతున్నదా, భూమి తరగతి ‘శాలి’ అని ఉన్నదా ‘బాస్తు’ అని ఉన్నదా అన్నవి ముందుగా తేలాలి. శాలి అంటే వరి పొలం. 1955 నాటి పశ్చిమ బెంగాల్ భూసంస్కరణల చట్టం కింద దానిని మార్పించుకోకుండా ఇల్లు కడితే చిక్కులు తప్పవు. రిజిస్ట్రేషన్‌తో పని ముగిసిందనుకోవడం మరో పొరపాటు. భూమి శాఖ వారి బ్లాకు కార్యాలయంలో ఒక మ్యుటేషన్, పురపాలక సంఘంలో మరో మ్యుటేషన్ వేర్వేరుగా చేయించుకోవాలి.

ఫ్లాటయితే ఇంకో మెట్టు ఉన్నది. బెంగాల్‌లో ‘ప్రమోటర్’ అని పిలిచే చిన్న బిల్డరు స్థలం కొనడు. స్థలయజమానితో ఒప్పందం కుదుర్చుకుని, పవర్ ఆఫ్ అటార్నీ తీసుకుని కడతాడు. కొనేవారు ప్రమోటర్ చేతి ఒప్పందాన్నే గాక, స్థలయజమాని ఇచ్చిన అధికార పత్రం ఇంకా చెల్లుబాటులో ఉన్నదో లేదో కూడా చూసుకోవాలి. పురపాలక సంఘం పూర్తి ధ్రువపత్రం ఇచ్చిన ఫ్లాటుపై జీఎస్టీ లేదు. నిర్మాణంలో ఉన్నదానిపై 2019 ఏప్రిల్ నుంచి 5 శాతం, 45 లక్షల లోపు చిన్న ఫ్లాటుకు 1 శాతం. ఇంతకన్న ప్రమాదకరమైనది రైల్వే భూమిలో వెలసిన బస్తీలలో ‘దఖల్’ పేరిట సాగే బేరం. అక్కడ చేతులు మారేది స్వాధీనమే తప్ప హక్కు కాదు. స్టాంపు కాగితంపై ఎంత చక్కగా రాసుకున్నా, 1971 చట్టం కింద రైల్వే ఖాళీ చేయించదలచుకుంటే ఆ కాగితం అడ్డుకోలేదు. చవకగా వస్తున్నదన్న ఆశతో ఇందులో దిగేవారు పదవీ విరమణ సొమ్ము తక్కువైనవారే కావడం విచారకరం.

మంచి ఏజెంటు విలువ తెలిసేది ఇక్కడే. బెంగాలీ చదవగలిగి, తెలుగులో వివరించగలిగి, శాలి భూమిని బాస్తు అని అంటగట్టని ఏజెంటు తన కమిషనుకు పూర్తిగా అర్హుడు. ఖతియాన్ బెంగాలీలో ఉంటుంది. మూడు తరాలుగా బెంగాల్‌లో ఉన్నా, తెలుగు మాధ్యమ పాఠశాలలోనో రైల్వే పాఠశాలలోనో చదువుకున్న ఎందరో బెంగాలీ మాట్లాడగలరు గాని, రికార్డు చదివి అర్థం చేసుకోలేరు. వారికి ఏజెంటే కళ్లు. బేరం కుదిరితేనే కమిషను వచ్చే వ్యక్తి కళ్లతో చూడవలసి రావడం ఎంతవరకు క్షేమమో ఆలోచించవలసి ఉన్నది.

చట్టం ఈ సంగతిని గుర్తించకపోలేదు. కేంద్రం 2016లో తెచ్చిన స్థిరాస్తి చట్టం ప్రకారం, దాని పరిధిలోని ప్రాజెక్టులను అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. చేసుకోకపోతే రోజుకు 10 వేల రూపాయల జరిమానా, మొత్తం మీద ఆస్తి విలువలో 5 శాతం దాకా. పశ్చిమ బెంగాల్ దీనిని కాదని 2017లో సొంత చట్టం చేసుకోగా, 2021 మే 4న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ తరువాతనే కేంద్ర చట్టం అక్కడ అమలులోకి వచ్చింది. ఇతర రాష్ట్రాలు నాలుగైదేళ్ల ముందే మొదలుపెట్టిన అలవాటు బెంగాల్ చిన్న పట్టణాలకు ఆలస్యంగా చేరుతున్నదన్నమాట. పైగా పాత ఇళ్ల పునర్విక్రయం, విడి స్థలాల బేరం ఆ నమోదు పరిధికి చాలావరకు వెలుపలే ఉంటాయి.

ఖరగ్‌పూర్-మోరేగ్రామ్ రహదారి పేరిట స్థలాలు చూపించేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 231 కిలోమీటర్ల ఈ నాలుగు వరుసల మార్గానికి 10,247 కోట్ల రూపాయల అంచనాతో 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రహదారి నిజమే, దాని పక్కన అని చెప్పే ప్రతి పొలమూ ఇంటి స్థలం కాదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారు సంతోషించారు. ఆ హోదా సభలకు, సన్మానాలకు పరిమితం కాకుండా ఉపయోగపడవలసిన చోటు భూమి కార్యాలయమే. ఖతియాన్‌లోని గడులు ఏమిటో, మ్యుటేషన్‌కు ఏ కాగితాలు కావాలో తెలుగులో ఒక పుట అచ్చువేసి రిజిస్ట్రీ కార్యాలయంలో పెట్టడానికి అయ్యే ఖర్చు ఎంత? రైల్వే డివిజన్లు పింఛనుదారుల ఫిర్యాదుల కోసం ఏటా పింఛను అదాలత్ నిర్వహిస్తాయి. ఆ రోజున భూమి శాఖ ఉద్యోగి ఒకరు, తెలుగు తెలిసిన న్యాయవాది ఒకరు అక్కడ కూర్చుని, కొత్తగా పదవీ విరమణ చేసినవారు తెచ్చిన కాగితాలను బయానా ఇవ్వకముందే చూసి చెప్పడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. జిల్లా యంత్రాంగం, ఖరగ్‌పూర్ డివిజను అధికారులు ఒకసారి కలసి మాట్లాడుకుంటే చాలు.