సొంత బాధ్యత మీద

మా నాయన ఆర్టీసీ డ్రైవర్. తిరుమల ఘాట్‌లో బస్సు నడపబట్టి పదిహేనేళ్ళయింది. పోయిన నెల మా సెకండ్ ఇయర్ తలకోన ట్రిప్ కోసం ఒక ఫారం మీద ఆయన సంతకం కావాల్సొచ్చింది. 'మా అబ్బాయిని నా సొంత బాధ్యత మీద పంపుతున్నాను, ఏం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదు' అని ఇంగ్లీషులో రెండు లైన్లు. నేనే చదివి చెప్పాను. ఆయన పెన్ను చేతిలో పట్టుకొని, "అంతా బాగుండాది గానీ, ఆడ నీళ్ళు ఎంత లోతో యాడా రాయలేదే?" అన్నాడు.

అప్పుడు నవ్వొచ్చింది. ఫారంలో లోతు ఎవరు రాస్తారు? రాత్రి పడుకున్నాక మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. ఎందుకంటే పోయిన సంవత్సరం తలకోనలో జరిగింది నేను ఇంట్లో ఇంకా చెప్పలేదు. (ఈ మ్యాగజైన్ మా అమ్మ దాకా పోదనే నమ్మకంతో రాస్తున్నా.)

అక్టోబరు చివర, వానలు పడిన వారం. ఐదుగురం మూడు బైకుల మీద పోయాం. జలపాతం కింద మడుగు అంచున, పాచి పట్టిన బండ మీద మావాడొకడు ఫోటో కోసం నిలబడి జారాడు. వాడికి ఈత రాదు. మాలో ఇద్దరికి వచ్చు, కానీ ఆ క్షణంలో ఇద్దరమూ కొయ్యబారిపోయాం. తల రెండుసార్లు మునిగింది. పక్కన కుటుంబంతో వచ్చిన ఒక తమిళాయన తన తువ్వాలు విసిరి లాగాడు. అంతా కలిపి నిమిషం కూడా పట్టి ఉండదు. "మచ్చా, పోయినావనుకున్నా రా" అని నవ్వుకొని, దారిలో బిర్యానీ తిని ఇంటికొచ్చేశాం. గేటు దగ్గర ఫారెస్టు వాళ్ళకు చెప్పాలని కూడా తోచలేదు. మరుసటి ఆదివారం అదే బండ మీద ఇంకొకడు నిలబడే ఉంటాడు.

కోడ్‌లో ఎర్రర్‌ని పట్టుకొని, ఎక్కడా రాయకుండా మింగేస్తే దాన్ని ఖాళీ క్యాచ్ బ్లాక్ అంటాం. ల్యాబ్‌లో అలా చేస్తే మార్కులు కట్. మేం తలకోనలో చేసింది అదే. ఆస్ట్రేలియాలో పిల్లల్ని క్యాంపులకీ ట్రెక్కులకీ తీసుకెళ్ళే సంస్థల కోసం యూప్లోడ్స్ అని ఒక నమోదు వ్యవస్థ పెట్టారు. అందులో గాయాలే కాదు, కొద్దిలో తప్పిపోయినవి కూడా రాస్తారు. మన దగ్గర మనిషి పోతేనే వార్త. ఆ వార్త చివర కూడా ఒకటే మాట, 'సెల్ఫీ పిచ్చి ప్రాణం తీసింది'. కింద కామెంట్లలో 'ఈ కాలం పిల్లలు'. అంతటితో కేసు క్లోజ్.

మావాడు చేసింది తెలివైన పని అని నేను అనట్లేదు. కానీ తప్పు వాడిదే అని తేల్చేశాక ఇంక వెతకడం ఆగిపోతుంది, నా బాధ అది. థెరాక్-25 అనే రేడియేషన్ మెషిన్ 1985 నుంచి 1987 లోపు ఆరుగురు పేషెంట్లకు లెక్కకు మించి డోసు ఇచ్చింది. ముందు మోడల్‌లోనూ అలాంటి బగ్ ఉంది, కానీ దాన్ని ఆపే హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్ ఉండేది. కొత్త దాంట్లో అది తీసేసి, అంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది అనుకున్నారు. ఆ కేసును తవ్విన నాన్సీ లెవిసన్, ఒక్క బగ్ సరిచేస్తే చాలదని, ఆ బగ్ మనిషి దాకా రాకుండా ఆపాల్సినవి ఎందుకు లేవో చూడమని చెప్పింది. పాచి పట్టిన బండ కూడా బగ్ లాంటిదే. అది పోదు. మధ్యలో ఏముంది అన్నదే ప్రశ్న.

మన తెలుగు ఇంజినీరింగ్ స్టూడెంట్లకు ఇది పుస్తకంలో విషయం కాదు. 2014 జూన్ 8 సాయంత్రం, హైదరాబాద్ వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి కాలేజీ నుంచి టూర్‌కి పోయిన పిల్లలు హిమాచల్‌లోని మండి జిల్లా థలౌట్ దగ్గర బస్సు దిగి, ఫోటోల కోసం బియాస్ నదిలోని రాళ్ళ మీదికి వెళ్ళారు. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. పైన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు ఉంది. కరెంటు ఉత్పత్తి తగ్గించినప్పుడు టర్బైన్లకు పోవాల్సిన నీళ్ళు గేట్ల గుండా నదిలోకే వదలాలి. ఆ సాయంత్రం అదే జరిగింది. 24 మంది స్టూడెంట్లు, వాళ్ళతో ఉన్న టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు. శవాల కోసం వారాల తరబడి వెతికారు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. నేను ఒక్కసారి చూశాను, మళ్ళీ చూడలేను.

నీళ్ళు వస్తున్నాయన్న సంగతి లోకంలో ఎవరికీ తెలియనిది కాదు. గేటు ఎత్తినవాళ్ళకు తెలుసు. రాళ్ళ మీద ఉన్న వాళ్ళకు తెలియదు. ఈ ఇద్దరి మధ్య పనిచేసే వైరు లేదు. ఊరివాళ్ళకు ఆ నది అలవాట్లు తెలిసి ఉండొచ్చు, హైదరాబాద్ నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళవాడికి నది నిశ్శబ్దంగా ఉంటే నిశ్శబ్దంగా ఉన్నట్టే. హిమాచల్ హైకోర్టు 2016లో ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇవ్వమంది. అందులో విద్యుత్ బోర్డు 60 శాతం, కాలేజీ 30, రాష్ట్ర ప్రభుత్వం 10. నాకు ఆ డబ్బు కంటే ఆ పంపకం ముఖ్యం అనిపిస్తుంది. మొత్తం నూరు అక్కడే అయిపోయింది, పిల్లల వంతు అని ఏమీ మిగల్లేదు.

మా ఊరికి ఇలాంటి ఆలోచన కొత్త కూడా కాదు. తిరుమలకి ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 'ఎదురొచ్చే బండిని చూసుకొని పోండి' అని బోర్డు పెట్టి ఊరుకోలేదు, ఎదురు రావడమే లేకుండా చేశారు. టోల్‌గేట్ దగ్గర టైమ్ వేసి స్లిప్పు ఇచ్చేవాళ్ళు, కొండ దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ పడితే ఫైన్ ఉండేది. దాన్ని కూడా మనవాళ్ళు గెలిచారనుకోండి. స్పీడుగా దిగొచ్చి, గేటుకు ముందు బండి పక్కన పెట్టి పల్లీలు తింటూ టైమ్ గడిపేవాళ్ళు ఉన్నారు. ఏ రూల్ పెట్టినా దాని చుట్టూ దారి వెతుకుతాం. అంటే పెట్టి వదిలేయకుండా మళ్ళీ మళ్ళీ చూసుకోవాలన్నమాట.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపను చంపింది. అంతకు ముందు జూన్‌లో ఒక చిన్న బాబును ఎత్తుకుపోతే, వాడు అదృష్టం కొద్దీ బతికాడు. ఆ జూన్ ఘటనే మనకు అందిన ఎర్రర్ మెసేజ్. ఆగస్టు తర్వాతే పిల్లలకు మధ్యాహ్నం 2 తర్వాత ప్రవేశం ఆపడం, దారిలో జంతువులకు తిండి పెట్టొద్దనడం, తిండి వ్యర్థాలు పారేయొద్దనడం, అన్నీ వచ్చాయి. చేతికర్ర ఇస్తామంటే అందరం మీమ్స్ చేశాం, నేను కూడా షేర్ చేశా. కానీ ఆ కర్రను పక్కన పెట్టి మిగతా వాటిని చూడండి, ఒక్కటి కూడా 'అమ్మానాన్నలు జాగ్రత్తగా ఉండాలి' అన్న దగ్గర ఆగలేదు.

ఇంతా చదివి 'అయితే ట్రిప్పులు ఆపేద్దాం' అని ఎవరైనా అంటారని నా భయం. అది అన్నింటికంటే సులువైన పని, అన్నింటికంటే చెడ్డ పని కూడా. ట్రిప్ క్యాన్సిల్ చేస్తే మేం పోకుండా ఉంటామా? ఇంట్లో చెప్పకుండా మూడు బైకుల మీద పోతాం. పోయిన అక్టోబరులో పోయింది అలాగే కదా.

క్లాస్ రిప్రజెంటేటివ్‌గా నేను చేసింది చిన్న పని. ఆ ఫారం వెనకవైపు ఖాళీగా ఉంటే ప్రశ్నలు రాశాను. ముందు రెండు రోజుల్లో శేషాచలం పైన వాన పడిందా, ఆ సంగతి ఎవరు కనుక్కుంటారు? ఎందుకంటే కింద ఎండ కాస్తున్నా పైన పడిన వాన మడుగులోకి వస్తుంది. నీళ్ళలోకి దిగొద్దని చెప్పే అధికారం ఎవరిది, ఆయన మాట మేం వినకపోతే ఏం జరుగుతుంది? తాడు, ట్యూబు ఎవరి బ్యాగులో ఉంటాయి? సిగ్నల్ లేని చోట ఎవరికైనా దెబ్బ తగిలితే మొదట ఏ బండి కదలాలి? తిరుపతి రుయాకి అక్కడి నుంచి దగ్గరదగ్గర 60 కిలోమీటర్లు, మధ్యలో భాకరాపేట ఘాట్.

నాయనకు చూపించాను. అంతా చదివి, కింద తన చేత్తో ఇంకొకటి రాశాడు, 'బస్సు డ్రైవరు ముందురోజు రాత్రి నిద్ర పోయినాడా?' నీళ్ళ గురించే ఆలోచిస్తున్న నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు రాత్రిపూట లోయలో పడింది ఆ భాకరాపేట ఘాట్‌లోనే. ఆయన రాశాక సంతకం పెట్టాడు.

ఫారం ఇప్పుడు మా హెచ్‌వోడీ సార్ టేబుల్ మీద ఉంది. సార్ కోప్పడతారేమో అనుకున్నా, కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నా చదివారు. తాడు, ట్యూబు కొనడానికి ఒప్పుకున్నారు. వాన సంగతి ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేసి కనుక్కునే పని నాకే ఇచ్చారు. డ్రైవరు నిద్ర గురించి ట్రావెల్స్ వాళ్ళని అడిగితే, "అది మా సొంత బాధ్యత సార్" అన్నారట. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ట్రిప్ 22వ తేదీ.