పోస్టు పెడితే నోటీసు ముట్టినట్లేనా?

మేము కొలువులో ఉన్న రోజుల్లో ప్రభుత్వ నోటీసు ముట్టినట్లు సంతకమో వేలిముద్రో ఫైలులో చేరేవరకు గుమాస్తాకు నెమ్మది ఉండేది కాదు. ఊరందరికీ సంబంధించిన విషయమైతే దండోరా వేయించి, చావడి గోడకు కాగితం అంటించి, ఆ సంగతి రాయించి తెచ్చుకునేవాళ్లం. నేడు ఫేస్‌బుక్‌లో ఒక బొమ్మ పెట్టి పని ముగిసిందనుకుంటున్నారు. ఎందరు చూశారన్న లెక్క ఉంటుంది. అందవలసిన వారికి అందిందా అన్న లెక్క ఉండదు.

వక్ఫ్ ఆస్తుల సంగతే చూడండి. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించింది. నమోదైన వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో అందులో ఎక్కించాలన్నారు. ఆ గడువు డిసెంబరులో ముగిసింది. తప్పిపోయినవారు కారణం చూపి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి. మన అనంతపురం మెట్టలో ఒక పల్లె మసీదుకు నాలుగెకరాల వేరుశనగ చేను ఉందనుకోండి. ముతవల్లీకి డెబ్బై ఏళ్లు. వానలు లేక కొడుకులు బెంగళూరుకు కూలికి పోయారు. ఇంట్లో ఉన్నది మీటల ఫోను. గెజిట్ నకలు, సర్వే నంబరు, హద్దుల వివరాలు సిద్ధం చేసుకోమని ఆయనకు ఎవరు చెప్పాలి? ఆ చేను చేజారితే ఇమాము జీతానికి దారేది?

సామాజిక మాధ్యమాలకు మేము వ్యతిరేకులం కాము. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్‌లో 161 సేవలు ప్రారంభించింది. ఒక్క సర్టిఫికెట్ కోసం మండల కార్యాలయానికి పదిసార్లు తిరిగే బాధ తప్పితే సంతోషమే. మా ఆక్షేపణ సమాచారం పేరిట సాగే ప్రచారం మీద. సగం పోస్టరు నాయకుల ముఖాలకే సరిపోతుంది. చివరి తేదీ, కావలసిన కాగితాలు, అడగవలసిన అధికారి పేరు భూతద్దానికీ దొరకవు. ప్రభుత్వ ప్రకటనలు పాలక పక్షాన్ని కీర్తించరాదని 2015 మే 13న సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే సడలింపు వచ్చి, ముఖ్యమంత్రుల, మంత్రుల బొమ్మలకు మళ్లీ చోటు దొరికింది.

2005 నాటి సమాచార హక్కు చట్టం, సెక్షన్ 4(4) చదవండి. సమాచారాన్ని స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతిలో ప్రజలకు చేర్చాలని అందులో ఉంది. 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ చట్టాన్ని సవరించారు. కానీ ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ ఆ లిపి చదవలేనివారు మనలో ఎందరో! దూదేకుల సోదరుల ఇళ్లలో తెలుగే మాటాడుతారు. కనుక రెండు భాషల్లోనూ నిమిషం నిడివి గల మాట రికార్డు చేసి పంపాలి. అదే విషయాన్ని జుమా నమాజుకు ముందే కాగితం మీద మసీదుకు చేర్చి, ముతవల్లీ సంతకం తీసుకోవాలి.

మన తప్పూ ఉంది. జుమా ముబారక్ పూలబొమ్మలతో నిండిన మన వాట్సాప్ గ్రూపుల్లో గడువు తేదీ ఎన్నిసార్లు కనిపించింది?

మీ ప్రాంతంలో ఎందరు ముతవల్లీలకు నోటీసు చేతికిచ్చారో, ఆ సంతకాల నకళ్లతో సహా తెలుపమని జిల్లా కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు. రసీదు మరువకండి.